‘950 నీకెక్కడ వస్తాయే?’

పాఠకుల ప్రశ్నలకు హైదరాబాద్‌కు చెందిన విశ్రాంత గణిత అధ్యాపకురాలి జవాబులు

ప్రశ్న: మేడమ్‌కు నమస్కారం. మేము చైతన్యపురిలో ఉంటాం. నాన్నగారిది జిరాక్సు దుకాణం. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎంపీసీ మొదటి సంవత్సరం పూర్తి చేశాను. రెండేళ్లకూ కలిపి 950 మార్కులు తెచ్చుకోవాలని కాలేజీలో చేరిన రోజునుంచీ నాకు పట్టుదల. ఒకసారి మాటల్లో మాటగా ఆ సంఖ్య స్నేహితురాళ్ల ముందు అనేశాను. ఆరో తరగతి నుంచి నా పక్కనే కూర్చుంటున్న అమ్మాయి ‘950 నీకెక్కడ వస్తాయే? పదో తరగతిలో నాకంటే నీకు తక్కువే కదా’ అంది. అందరూ నవ్వారు. అప్పటినుంచి నా పేరు ‘టాపర్ గారు’. క్యాంటీన్‌లో సమోసా తింటుంటే కూడా ‘టాపర్ గారూ, చదువు పాడవుతుందేమో చూసుకోండి’ అంటారు. మా కాలేజీలో మార్కులనుబట్టి సెక్షన్లు చేస్తారు. మాది చివరినుంచి రెండోది. ఈ సెక్షన్‌లో 950 ఎవరికీ రాలేదని ఒక లెక్చరర్ కూడా అన్నారు.

ఇప్పుడు ఫలితాలు వచ్చాయి. నాకు 470కి 410. ఇంగ్లీషులో 91, సంస్కృతంలో 98, గణితం 1ఏలో 62, 1బీలో 55, ఫిజిక్స్‌లో 50, కెమిస్ట్రీలో 54. మా స్నేహితురాలికి 438 వచ్చాయి. ‘చెప్పానా?’ అని మెసేజ్ పెట్టింది. నేను ప్రతి పాఠం నాలుగేసి సార్లు చదివాను మేడమ్. ఇంకెంత చదవాలి? పుస్తకం తెరిస్తే వాళ్ల నవ్వే వినిపిస్తోంది. ఇకమీదట వాళ్లతో మాట్లాడకూడదని, 950 వచ్చాక మెమో చూపించి అప్పుడే నోరు విప్పాలని అనుకుంటున్నాను. వాళ్లు అన్నదే నిజమా? నామీద నాకు నమ్మకం ఎలా వస్తుంది?

– పేరు వద్దు, చైతన్యపురి

జవాబు: అమ్మా, ముందు లెక్క చూద్దాం. మొదటి సంవత్సరం 470, రెండో సంవత్సరం 530, మొత్తం వెయ్యి. నీకు వచ్చినవి 410. రెండో ఏడాది ఒక్క మార్కు కూడా పోకుండా 530కి 530 తెచ్చుకున్నా 940 దగ్గర ఆగిపోతావు. అంటే ఇప్పుడున్న దారిలో వెళితే 950 రావు. ఇంతవరకూ నీ స్నేహితురాలి మాట నిజమే. అయితే ఆ అమ్మాయి ఈ లెక్క వేసి ఆ మాట అనలేదు. ఫలితాలు రాకముందే, పదో తరగతి మార్కులు గుర్తుపెట్టుకుని అంది. నువ్వు కూడా లెక్క వేయలేదు. ఆమె ‘రావు’ అంది, నువ్వు ‘తెస్తాను’ అన్నావు. ఇద్దరిలో ఎవరూ కాగితం మీద పెన్ను పెట్టలేదు.

పెన్ను పెడితే ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. మొదటి సంవత్సరంలో అన్ని సబ్జెక్టులూ పాసైనవాళ్లు కూడా మార్కులు పెంచుకోవడానికి మే నెలలో జరిగే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షల్లో కావలసిన పేపర్లు మళ్లీ రాయవచ్చు. దాన్నే ఇంప్రూవ్‌మెంట్ అంటారు. రెండుసార్లలో ఏవి ఎక్కువైతే అవే లెక్కలోకి వస్తాయి. సప్లిమెంటరీ అనగానే తప్పినవాళ్ల పరీక్ష అని చాలా ఇళ్లలో చిన్నచూపు చూస్తారు. మీ నాన్నగారూ అలాగే అనుకున్నారు. ఫలితాలు వచ్చాక ఫీజు కట్టడానికి ఇచ్చే గడువు కొద్ది రోజులే ఉంటుంది కాబట్టి నీ ఉత్తరం చదివిన వెంటనే, అందులో నువ్వు ఇచ్చిన నంబరుకు ఫోను చేశాను. నాన్నగారు విని, ఆ సాయంత్రమే ఒప్పుకున్నారు. 1ఏ, 1బీ, ఫిజిక్స్ పేపర్లకు ఫీజు కట్టారని నీ రెండో ఉత్తరంలో రాశావు. నీ అనుమతితోనే ఇదంతా ఇక్కడ రాస్తున్నాను. నీ సెక్షన్‌లాంటి గదిలోనే కూర్చుని, ఇదే మాట విని, ఇదే లెక్క వేయని పిల్లలు ఈ నగరంలో చాలామంది ఉన్నారు.

మొత్తం మీద నీకు పోయినవి 60 మార్కులు. ఇంగ్లీషులో 9, సంస్కృతంలో 2, కెమిస్ట్రీలో 6. ఇవి పోతే పోనీ. 1ఏలో 13, 1బీలో 20, ఫిజిక్స్‌లో 10, కలిపి 43 ఈ మూడింటిలోనే పోయాయి. ఆ 43లో 28 వెనక్కి తెచ్చుకోగలిగితే మొదటి సంవత్సరం 438 అవుతుంది. అప్పుడు రెండో ఏడాది 530కి 512 కావాలి. కష్టమే. చాలా కష్టం. కానీ అందులో 60 మార్కులు ఫిజిక్స్, కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌వి, భాషల్లో నీకు ఇబ్బంది లేదు. అసాధ్యమన్నది కష్టమైనదిగా మారింది. ఒకవేళ మేలో 28 రాక 20 వస్తే 950 బదులు 940 అని రాసుకో. ఆ సంఖ్య నీ పరువు కాదమ్మా. చదువు ఎటు తిప్పాలో చెప్పడానికే అది ఉంది.

ఇక 1బీ. ఈ పేపరు గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, నా సబ్జెక్టు కాబట్టి, నీకు మార్కులు పోయింది కూడా ఇక్కడే కాబట్టి. 75 మార్కుల పేపర్లో ఏడు మార్కుల ప్రశ్నలు ఏడు ఇస్తారు, అయిదు రాయాలి. పాత ప్రశ్నపత్రాలు నాలుగైదు ముందేసుకుని చూడు. ఆ ఏడింటిలో రెండు సరళరేఖా యుగ్మాల నుంచి వస్తాయి. మిగతావి సరళరేఖ, దిక్ కొసైన్లు, అవకలనం, స్పర్శరేఖ–అభిలంబరేఖ, గరిష్ఠ కనిష్ఠాల నుంచి ఒక్కొక్కటి. అంటే ఒక్క సరళరేఖా యుగ్మాల పాఠంలోనే 14 మార్కులున్నాయి. నీ ఉత్తరంలో మరోచోట ఏమి రాశావు? ‘ఆ పాఠంలో సిద్ధాంతాల నిరూపణలు గుర్తుండవని వదిలేశాను, గరిష్ఠ కనిష్ఠాల లెక్క సగంలో ఆగిపోయింది’ అని రాశావు. అంటే ఏడింటిలో మూడు నీ చేతుల్లో లేవు. మిగిలిన నాలుగింటినీ పూర్తిగా రాసినా అయిదోది సగమే. నీకు తెలివి చాలక పోయిన మార్కులు కావివి. వదిలేసిన పాఠం వల్ల పోయాయి. ‘నేను చేయలేను’ అనే బెంగకూ ‘సరళరేఖా యుగ్మాలు చదవలేదు’ అనే వాస్తవానికీ మధ్య ఎంత దూరముందో చూడు. మొదటిదానికి మందు లేదు. రెండోదానికి వారం రోజులు చాలు.

స్పాట్ వాల్యుయేషన్‌లో జవాబుపత్రాలు దిద్దిన అనుభవంతో ఇంకో మాట. సమాధానం చివరికి చేరకపోయినా సరైన మెట్టు ఎక్కడిదాకా ఉంటే అక్కడిదాకా మార్కులుంటాయి. గరిష్ఠ కనిష్ఠాల లెక్కలో పటం గీసి, చలరాశులు రాసి, ప్రమేయాన్ని ఒకే చలరాశిలోకి తెచ్చి, అవకలనం చేసి సున్నాకు సమానం చేసినంతవరకూ ఒక్కో మెట్టుకూ విలువ ఉంది. కొట్టివేసిన పేజీకి ఏమీ రాదు. భయం వేసినప్పుడు పిల్లలు చేసే మొదటి పని అడ్డంగా గీత కొట్టడం. ఆ గీత కింద మూడు మార్కులకు తగిన పని ఎన్నోసార్లు చూశాను. చూసినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమనేది.

‘నాలుగేసి సార్లు చదివాను, ఇంకెంత చదవాలి’ అని అడిగావు. అయిదోసారి చదవవద్దు. 2006లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలూ చదువుతూనే పోయారు. ఇంకొందరు మొదటి విడత చదివి, మిగతా మూడు విడతల్లో పాఠం చూడకుండా గుర్తున్నది కాగితం మీద రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదువుతూ పోయినవాళ్లే ఎక్కువ చెప్పారు. వారం తర్వాత అడిగితే తారుమారైంది. చదువుతూ పోయినవాళ్లకు 40 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 61 శాతం. నీకు పనికివచ్చే అసలు సంగతి దీని తర్వాత ఉంది. ‘వారం తర్వాత మీకు ఎంత గుర్తుంటుంది’ అని ముందే అడిగితే, చదువుతూ పోయినవాళ్లే ఎక్కువ ధీమాగా చెప్పారు. పాఠం నున్నగా కళ్లముందు జరిగిపోతుంటే వచ్చినట్లే అనిపిస్తుంది. మూసి రాయబోతే రెండో వరుసలోనే తడబడతాం, రాలేదేమో అనిపిస్తుంది. నిజానికి వచ్చేది ఆ తడబడిన చోటే. కాబట్టి పుస్తకం మూసి రాసినప్పుడు ‘నాకు రావడం లేదు’ అనిపిస్తే దాన్ని నీ స్నేహితురాలి మాటతో కలపకు. అది చదువు పనిచేస్తున్న గుర్తు.

ఇప్పుడు నమ్మకం సంగతి. ఒక పని చేయగలనన్న నమ్మకం మనిషికి ఎక్కడినుంచి వస్తుందని ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1977లో నాలుగు మూలాలు చెప్పారు. ఆ పని స్వయంగా చేసి గెలిచిన అనుభవం, మనలాంటివాళ్లు చేయగా చూడటం, ఇతరులు చెప్పే మాట, ఒంట్లో మనకు తెలిసే ఉద్వేగం. వీటిలో అన్నింటికన్నా బలమైనది మొదటిదని ఆయన చెప్పారు. చేతితో చేసిన పనికి ఉన్నంత బలం మాటకు లేదు. ఇది స్నేహితుల ఎగతాళికీ వర్తిస్తుంది, పొగడ్తకూ వర్తిస్తుంది. రేపు నీ స్నేహితురాలు వచ్చి ‘నీకు తప్పకుండా 950 వస్తాయి’ అన్నా నీకు నిద్ర పట్టదమ్మా. సరళరేఖా యుగ్మాల సిద్ధాంతం చూడకుండా, గడియారం పెట్టుకుని, మొదటినుంచి చివరిదాకా రాసిన రోజున పడుతుంది. ఆ కాగితాలు పారేయకు. తారీఖు వేసి మీ నాన్నగారి దుకాణంలో స్పైరల్ బైండింగ్ చేయించు. నవ్వు వినిపించినప్పుడు ఆ కట్ట తిరగేయి. అందులో ఉన్నవి నీ అక్షరాలు.

గడియారం అన్నాను కదా. మూడు గంటలకు 75 మార్కులు, అంటే మార్కుకు రెండు నిమిషాల పైచిలుకు. ఏడు మార్కుల జవాబును పన్నెండు పదమూడు నిమిషాల్లో రాయడం అలవాటు చేసుకుంటే చివర్లో సరిచూసుకునే వ్యవధి మిగులుతుంది. రెండు మార్కుల ప్రశ్నలు పదీ రాయాల్సినవే, వాటిలో ఎంపిక లేదు. ఒక్కటి కూడా వదలకు.

మీ కాలేజీ సెక్షన్ల గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. పదహారేళ్ల పిల్లలను మార్కులనుబట్టి గదులుగా విడగొట్టి, ‘ఈ గదికి ఇంతే’ అని చెప్పడం చదువు చెప్పేవాళ్లు చేయవలసిన పని కాదు. అందరికీ ఒకే సిలబస్, ఒకే ప్రశ్నపత్రం. దిద్దేవారికి నీ పేరూ తెలియదు, నీ సెక్షనూ తెలియదు. ‘ఈ సెక్షన్‌లో ఎవరికీ రాలేదు’ అన్న మాట వల్ల ఇంకో నష్టముంది. బందూరా చెప్పిన రెండో మూలం, మనలాంటివాళ్లు చేయగా చూడటం, ఆ గదిలో పిల్లలకు అందకుండా పోతుంది. ముందున్న సెక్షన్‌లో మీ వీధి అమ్మాయో మీ బస్సులో వచ్చే అమ్మాయో ఉంటే వెళ్లి పరిచయం చేసుకో. ఆమె నోటు పుస్తకం అడుగు. ఎలా చదువుతుందో చూస్తే ఆమె వేరే లోకపు మనిషి కాదని తెలుస్తుంది.

స్నేహితురాళ్లతో మాట్లాడటం మానేయకు. మెమో చూపించి నోరు విప్పుతానన్న పంతం అసలే వద్దు. ఆ పంతంతో చదివితే ప్రతి వారాంతపు పరీక్షా వాళ్లముందు విచారణలా మారుతుంది. 75కి 60 వస్తే ఏ మెట్టులో పోయాయో చూడాల్సిన సమయంలో ‘వాళ్లకు తెలిస్తే ఏమంటారు’ అని ఆలోచిస్తావు. పంతం మొదటి నెల పరుగెత్తిస్తుంది, ఆ తర్వాత లోపలినుంచి తినేస్తుంది. పైగా నువ్వు చెప్పినదాన్నిబట్టి ఆ అమ్మాయి కూడా అదే సెక్షన్‌లో ఉంది. పక్కన కూర్చునే స్నేహితురాలు పైకి వెళ్లిపోతే తను ఒంటరిగా మిగిలిపోతానని భయపడే పిల్లలు ఎక్కువ. ఆ భయాన్ని అలా చెప్పడం ఆ వయసులో చేతకాదు, నవ్వు రూపంలో బయటికి వస్తుంది. అంతమాత్రాన నీకు అన్యాయం చేసే హక్కు ఆమెకు రాదు. అందుకే ఒక్కసారి, గుంపులో కాకుండా ఆమె ఒక్కతే ఉన్నప్పుడు, ‘నన్ను టాపర్ గారూ అని పిలవడం నాకు బాధగా ఉంది, మానెయ్యి’ అని నేరుగా చెప్పు. వివరణ ఇవ్వకు, వాదించకు. ఆ తర్వాత ఒక సహాయం అడుగు. ఆమెకు 438 వచ్చాయి కదా, 1బీ నీకంటే బాగా రాసి ఉంటుంది. ‘ఆదివారం నాకొక పేపరు తయారుచేసి ఇస్తావా, రాశాక దిద్దిపెడతావా’ అని అడుగు. ఒప్పుకుంటే నీకు మంచి పరీక్షకురాలు దొరికినట్లు. నవ్వి కొట్టిపారేస్తే క్యాంటీన్ వరకే ఆ స్నేహం అనుకో, చదువు మాటలు ఆమె దగ్గర ఎత్తకు.

చివరగా, ఈ మార్కులు ఎందుకని నాన్నగారు ఫోనులో అడిగారు. ఇంజినీరింగ్‌కు ఎప్‌సెట్ ర్యాంకే కదా, ఇంటర్ మార్కుల వెయిటేజీ తీసేశారు కదా అన్నారు. నిజమే. ఆయన మాటల్లో ఇంకో మాట కూడా వచ్చింది. 750 దాటితే మెమో మీద ఏ గ్రేడే కదా, ఇంకేం కావాలి అన్నారు. అదీ నిజమే. కానీ నువ్వు కోఠి మహిళా విశ్వవిద్యాలయంలోనో నిజాం కాలేజీలోనో గణితం, స్టాటిస్టిక్స్‌తో బీఎస్సీ చదవాలనుకుంటున్నావు. ఆ సీట్లు దోస్త్ అనే డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానం ద్వారా ఇంటర్ మార్కులనుబట్టే ఇస్తారు. అక్కడ గ్రేడు కాదు, ఒక్కో మార్కూ లెక్కే. ఈ సంగతి స్నేహితురాళ్లకు చెప్పకపోయినా నాన్నగారికి తప్పకుండా చెప్పు. ఆయనకు నీ మీద అపనమ్మకం లేదు. ఎందుకన్నది తెలియలేదు, అంతే.

ప్రశ్న: అమ్మా, మా బాబు పదో తరగతి. తరగతిలో పిల్లలు వాడిని తక్కువ చేసి మాట్లాడుతున్నారని తెలిసి, వాడిలో ధైర్యం నింపాలని రోజూ పొద్దున్నే ‘నీకు 600కి 580 దాటుతాయి, నాకు నమ్మకముంది’ అని చెబుతున్నాను. ఈ మధ్య వాడు నాతో సరిగా మాట్లాడటం లేదు. స్కూలు బ్యాగులో మడిచి దాచిన స్లిప్ టెస్టు కాగితాలు దొరికాయి. నేను ప్రేమగా చెప్పడం కూడా తప్పేనా?

– ఒక తల్లి, ఉప్పల్

జవాబు: ప్రేమ తప్పు కాదమ్మా. ఆ 580 బరువుగా ఉంది. ‘నీకు రావు’ అనే స్నేహితుడు ఒక సంఖ్య పట్టుకుని కూర్చున్నాడు, ‘నీకు వస్తాయి’ అనే మీరూ ఒక సంఖ్య పట్టుకున్నారు. ఇద్దరిలో ఎవరూ వాడి లెక్కల నోటు పుస్తకం తెరవలేదు. స్నేహితుడి మాట అబద్ధమైతే వాడికి సంతోషం. మీ మాట అబద్ధమైతే అమ్మ నమ్మకాన్ని తనే వమ్ము చేసినట్లు. అందుకే కాగితాలు దాస్తున్నాడు.

కొన్నాళ్లు సంఖ్య ఎత్తకండి. దొరికిన స్లిప్ టెస్టుల గురించి నిలదీయకండి. వాడు చేసిన పనిని చూసి, చూసినదే చెప్పండి. ‘నిన్న రాత్రి ఆ త్రికోణమితి లెక్క మూడుసార్లు తుడిచి మళ్లీ చేశావు, నేను వంటింట్లోంచి చూశాను’ అంటే చాలు. అది వాడు కాదనలేని మాట. వాడు స్వయంగా ఒక కాగితం తెచ్చి చూపించిన రోజున, ముందు మార్కులు కాకుండా ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయాడో అడగండి. మీకు ఆ పాఠం రాకపోయినా ఫరవాలేదు, వాడినే మీకు చెప్పమనండి. చెబుతూ ఉంటే వాడికే దొరుకుతుంది. స్కూలుకు వెళ్లే ముందు పరీక్షల మాట వద్దు. ఇడ్లీ పెట్టి పంపండి.

ప్రశ్న: నేనూ నా మిత్రుడూ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పక్కపక్కన కూర్చుని గ్రూప్–2కు చదివేవాళ్లం. వచ్చే నోటిఫికేషన్‌లో 600కి 450 తెచ్చుకుంటానని అతను అందరితో చెబుతున్నాడు. ‘నువ్వు చదివే తీరుకు అవి రావు’ అని నలుగురి ముందు అన్నాను. అప్పటినుంచి వేరే హాలులో కూర్చుంటున్నాడు, కనబడితే తల తిప్పుకుంటున్నాడు. నేను అన్నది నిజమే మేడమ్. స్నేహితుడికి నిజం చెప్పడం తప్పా?

– బాగ్‌లింగంపల్లి పాఠకుడు

జవాబు: ‘అవి రావు’ అన్నది నిజం కాదు బాబూ, జోస్యం. నిజమేమిటో నీ ఉత్తరంలోనే మరోచోట రాశావు. పొద్దున వచ్చి సీటు కోసం సంచి పెట్టి, పది దాటేదాకా బయట టీ కొట్టు దగ్గరే ఉంటాడనీ, మూడో పేపరు ఆర్థిక వ్యవస్థ పుస్తకం ఇంతవరకూ సగం కూడా కాలేదనీ, మాదిరి పరీక్షలు రాయడనీ రాశావు. ఇవి నిజాలు. నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు. ఒక పేపరు సగమే చదివితే మిగతా మూడింటి మీద ఎంత భారం పడుతుందో నువ్వు లెక్క వేసి చూపించగలవు. ఆ లెక్క చెప్పి ఉంటే అతను కోప్పడినా రాత్రికి ఆలోచించేవాడు. నువ్వు తీర్పు ఒక్కటే చెప్పావు, అదీ నలుగురిలో. ఉద్యోగం లేకుండా, ఇంటినుంచి వచ్చే డబ్బుతో గదిలో ఉండి ఏళ్ల తరబడి చదువుతున్న యువకుడికి ఆ హాలులోని నలుగురే లోకం. వాళ్ల ముందు తల వంచుకోవలసి వచ్చింది.

స్నేహితుడిమీద సందేహం కలగడం సహజం. దాన్ని చెప్పడమూ అవసరమే. పొగిడేవాళ్లు చుట్టూ ఉండగా లోపం చెప్పే ఒక్కడు లేక దెబ్బతిన్న పిల్లలను నేను చూశాను. కానీ సందేహం చెప్పేవాడు దానితోపాటు తన సాయమూ ఇవ్వాలి. ‘మూడో పేపరు వెనకబడి ఉంది, పొద్దున ఎనిమిదికి ఇద్దరం కలిసి మొదలుపెడదాం’ అనేవాడి మాటకు బలం ఉంటుంది. ఏ సాయమూ చేయనివాడు సందేహం తన దగ్గరే ఉంచుకోవడం మంచిది.

450 సంగతి వదిలెయ్యి. అది అతని కోరిక, దానిమీద నీకు అధికారం లేదు. అతను కూర్చున్న హాలుకు వెళ్లు. అక్కడ మాట్లాడకు, మిగతావాళ్లు చదువుకుంటుంటారు. బయటికి పిలిచి, అన్న మాటకు కాకపోయినా అన్న చోటుకు క్షమాపణ అడుగు. ‘నలుగురిలో అనకుండా ఉండాల్సింది’ అను. ఆ తర్వాతే ఆర్థిక వ్యవస్థ పుస్తకం సంగతి ఎత్తు. నీకు ఏ పేపరు బలహీనమో అది కూడా అతనికి చెప్పు, అతను నీకు సాయం చేసే వీలు ఉండాలి కదా. మొదటిసారి వినకపోతే వారం ఆగి మళ్లీ వెళ్లు. అతను ఏమన్నాడో నాకు రాయి.